ఎక్కడో గాలి పోతోంది

మా మామయ్య లెక్కలో ఈ లోకంలో చెడిపోయిన వస్తువంటూ ఏదీ లేదు. ఎక్కడో గాలి పోతోంది, అంతే. గడియారం ఆగిపోయినా, పాలు తోడుకోకపోయినా, పక్కింటి మొగుడూపెళ్ళాలు మాటలు మానేసినా ఆయన తల పంకించి, "ఎక్కడో గాలి పోతోంది" అంటాడు. అని ఊరుకుంటే పేచీ లేదు. ప్యాంటు జేబులోంచి సబ్బునీళ్ళ సీసా తీస్తాడు.

ఆ సీసా ఒకప్పుడు సెలూన్లో జుట్టు తడిపేది. మీట నొక్కితే తుంపర్లు పడతాయి. గాలి పోతోందని అనుమానమున్న చోట సబ్బునీళ్ళు కొడితే, నిజంగా పోతుంటే అక్కడ బుడగ లేస్తుంది. మెకానిక్కులందరికీ తెలిసిన పద్ధతే. కాకపోతే మిగతా మెకానిక్కులు సీసాను షెడ్డులో వదిలేసి ఇంటికి వెళతారు. మామయ్య దాన్ని పెళ్ళిళ్ళకు కూడా పట్టుకెళతాడు. వీధిలో ఆయన్ను అందరూ 'సబ్బునీళ్ళు' అంటారు. "సబ్బునీళ్ళు ఇంట్లో ఉన్నాడా?" అని ఎవరైనా గేటు దగ్గర కేకేస్తే, కొత్తగా వచ్చినవాళ్ళు మేం చాకిరేవు నడుపుతున్నామనుకునేవారు.

ఒకరోజు కుక్కర్ ఎంతసేపటికీ కూత వెయ్యలేదు. నాయనమ్మ రబ్బరు చుట్టు మార్చాలని చెబుతూనే ఉంది, ఈయన వినిపించుకోకుండా మూత చుట్టూ సబ్బునీళ్ళు కొట్టేశాడు. బుడగలు లేచాయి. "చూశారా అత్తయ్యగారూ!" అని గంతేశాడు. ఆ పూట అన్నమంతా సబ్బు వాసన. నాయనమ్మ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. వడ్డిస్తూ, "ఇవాళ భోజనమయ్యాక చేతులు కడుక్కోనక్కర్లేదు లెండి అల్లుడుగారూ, లోపలనుంచే శుభ్రమైపోతారు" అంది.

నాయనమ్మంటే మా నాన్నకు అమ్మ, మామయ్యకు అత్తగారు. మామయ్య షెడ్డు ఆవిడ ఇంటి పక్కనే, ఒకే గోడ. నేను ఆ ఇంట్లోనే పెరిగాను, ఇప్పుడు ఆ దగ్గర్లోనే మందుల షాపులో పనిచేస్తున్నాను కాబట్టి వాళ్ళిద్దరి మధ్యా రోజూ జరిగే యుద్ధానికి ఏకైక సాక్షిని. యుద్ధమంటే అరుపులు కావు. నాయనమ్మ ఎంత కోపమొచ్చినా 'గారు' వదలదు. ఆవిడ నోట గారు ఎంత సాగితే తిట్టు అంత పెద్దదని మేం పోల్చుకోవాలి.

ఇంకో సంగతి. మామయ్య టీ తాగడు. తాగితే కడుపులో గాలి చేరుతుందట. ఆయనకు గాలి పోయినా బాధే, చేరినా బాధే. అందుకని వేడి పాలు తాగుతాడు. ఇంత గట్టి మనిషి, చేతులనిండా నల్లటి గ్రీజు, చిన్న గ్లాసుతో పాలు ఊదుకుంటూ తాగుతుంటే చూడటానికి భలేగా ఉంటుంది.

ఒకసారి మా వీధి డాక్టరు ఆయనకు బీపీ చూశాడు. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మొహం చిట్లించి, "ఇంత తక్కువుందేమిటండీ? మీకు కళ్ళు తిరగడం లేదూ?" అన్నాడు.

"నాకు కాదు డాక్టరుగారూ. మీ పట్టీలో గాలి పోతోంది."

"ఇది కొత్తదండీ."

"కొత్తదైతే పోదా? కాస్త చెయ్యి అలాగే ఉంచండి" అని రెండో చేత్తో జేబులోంచి సీసా తీశాడు. గొట్టం మొదట్లో ఇంత బుడగ లేచింది. డాక్టరు ఆ బుడగ వంక, బయట కూర్చున్న పేషెంట్ల వంక చూసి, పొద్దుటినుంచీ ఎంతమందికి బీపీ తక్కువని చెప్పి ఉప్పు ఎక్కువ తినమన్నాడో తలుచుకుని చెమటలు తుడుచుకున్నాడు. అప్పటినుంచి ఆయనా మామయ్యా ప్రాణస్నేహితులు.

మామయ్యకు ఉన్న రెండో అలవాటు ఇనప తీగ. ఏది ఊడినా తీగతో కడతాడు. మా గేటు గొళ్ళెం, బట్టలారేసే కర్ర, ఆయన కళ్ళజోడు కాడ, అన్నీ తీగ కట్లే. కట్టాక, కొసను మాత్రం పట్టకారుతో జాగ్రత్తగా లోపలికి మడిచి, వేలితో తడిమి చూసుకుంటాడు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "తరవాత చెయ్యి పెట్టేవాళ్ళకు గుచ్చుకోకూడదే" అన్నాడు. వేరే మెకానిక్కులు కట్టిన తీగలకు నా ఓణీలు చాలానే చిరిగాయి. మామయ్య కట్టినదానికి ఒక్కటీ చిరగలేదు.

ఇక కారు సంగతికి వస్తాను. ఆ కారు మా అత్తది. అత్త నాయనమ్మ కూతురు, మామయ్య భార్య, పశువుల డాక్టరు. కొండమీద చెదురుమదురుగా ఉన్న పశువుల పాకలన్నిటికీ ఆవిడే దిక్కు. ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే మామూలు కారు ఆ ఎత్తు ఎక్కేసరికి దూడ నడక నేర్చుకుంటుంది. అందుకని అత్త వెతికి వెతికి సూపర్‌ఛార్జర్ ఉన్న పాత కారు కొంది. సూపర్‌ఛార్జరంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. మామూలు ఇంజిన్ తనకు కావలసినంత గాలి తనే పీల్చుకుంటుంది. దీనికి మాత్రం బెల్టుతో తిరిగే ఒక పంపు, చాలు చాలంటున్నా వినకుండా, మా నాయనమ్మ అన్నం వడ్డించినట్టు గాలి కుక్కిపెడుతుంది. గాలి ఎక్కువైతే బలమూ ఎక్కువే. ఎంత కుక్కుతోందో చూపించడానికి స్టీరింగు పక్కన ఒక ముల్లు కూడా ఉంటుంది.

కారు కొన్న కొత్తలో, అప్పటికింకా వాళ్ళకు పెళ్ళి కాలేదు, అత్త మామయ్య షెడ్డుకొచ్చి, "ఎత్తెక్కేటప్పుడు లాగట్లేదండీ, ముల్లు లేవట్లేదు" అందట. మామయ్య సబ్బునీళ్ళు కొట్టాడు. గొట్టం బిగింపు దగ్గర బుడగ లేచి, పెద్దదై, ఇద్దరూ వంగి చూస్తుండగా అత్త కళ్ళద్దాల మీద పగిలింది. అక్కడ బిగించి పంపించాడు. మళ్ళీ వారం వచ్చింది. అదే బిగింపు. ఆపై వారం కూడా అదే బిగింపు. బిగింపులు తమంతట తాము అన్నిసార్లు వదులు కావని మామయ్యకు తెలియదా? డాక్టరమ్మ చేతిసంచిలో ఇంజెక్షన్ల పక్కన స్క్రూడ్రైవర్ ఎందుకుందని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పెళ్ళయ్యాక ఆ బిగింపు మళ్ళీ వదులైతే ఒట్టు.

ఆ కారు ఈల నాకిప్పటికీ చెవుల్లో ఉంది. గాలి కుక్కే పంపు గట్టిగా తిరిగినప్పుడు సన్నగా మొదలై, పైకి పైకి పోయే కూత అది. అత్త కొండ దిగి, మార్కెట్టు మలుపు తిరిగి, మా వీధి ఎత్తు ఎక్కడానికి పెడల్ నొక్కగానే మొదలయ్యేది. ఇంట్లో ఏ మూల ఉన్నా నాయనమ్మ లేచేది. టీ నీళ్ళు పొయ్యిమీద పడేసి, వెళ్ళి గేటు తీసేది. ఆ రెండు పనులూ అయ్యేసరికి కారు లోపలికొచ్చేది. అత్త దిగుతూనే, "అమ్మా, టీ!" అనేది. అప్పటికే మరుగుతున్న టీని అడగడం దేనికో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక వానాకాలం అత్తకు జబ్బు చేసింది. డాక్టర్లు చెయ్యగలిగినదంతా చేశారు. అత్త పోయింది. ఆ తరవాత ఇల్లు ఎలా ఉండేదో చెప్పడం నాకు చేతకాదు, అందుకని కారు ఎలా ఉండేదో చెబుతాను. కారుకు ఊపిరి పోయింది. ముల్లు అడుగున పడుకుంది. ఎంత నొక్కినా ఈల లేదు. మా వీధి ఎత్తు ఎక్కుతుంటే పాలవాడు సైకిలు మీద మమ్మల్ని దాటుకుపోయి, జాలేసి ఆగి, "వెనకనుంచి తొయ్యమంటారా?" అని అడిగాడు.

మామయ్య, "ఎక్కడో గాలి పోతోంది" అన్నాడు.

ఆ వెతుకులాట ఏళ్ళ తరబడి సాగింది. ఆదివారం వచ్చిందంటే బానెట్ లేచేది. ఒకవారం బెల్టు జారుతోందని బెల్టు మార్చాడు. ఒకవారం గాలి వడపోసే ఫిల్టరు పూడిపోయిందని కొత్తది వేశాడు. రబ్బరు గొట్టాలు పగుళ్ళిచ్చాయని అవి మార్చాడు. గాలిని చల్లార్చే డబ్బా విప్పి, కడిగి, పసిపిల్లకు స్నానం చేయించినట్టు తువ్వాలుతో తుడిచి మళ్ళీ బిగించాడు. పొగ బయటికి పోయే దారి మూసుకుపోయిందేమోనని సైలెన్సరులోకి తల పెట్టి చూసి, నల్లటి మొహంతో బయటికొచ్చాడు. అన్నీ అయ్యాక ఇంజినంతా సబ్బునీళ్ళు కొట్టేవాడు. ఆదివారం సాయంత్రానికి మా కారు వీధిలో అన్నిటికన్నా శుభ్రమైన కారు. ముల్లు మాత్రం కదిలేది కాదు.

నాయనమ్మ అరుగు మీద కుర్చీ వేసుకుని చూస్తుండేది.

"దొరికిందా అల్లుడుగారూ?"

"దొరుకుతుందండీ. ఎక్కడో పోతోంది."

"పోతున్నది గాలో మీ చేతి పనితనమో కాస్త చూసుకోండి, అల్లుడుగారూ."

ఇది ఇంట్లోనే ఆగితే బాగుండేది. వీధిలో కూడా పాకింది. "సొంత కారుకే గాలి నిలపలేనివాడు మన కార్లేం చూస్తాడు?" అని పాత ఖాతాదార్లు ఒకరొకరే పెద్ద రోడ్డు మీద కొత్తగా పెట్టిన గ్యారేజీకి మళ్ళారు. మామయ్య వినీ విననట్టు ఊరుకునేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఊళ్ళో ఏ కారు మలుపు తిరిగినా చప్పుడు విని దాని జబ్బు చెప్పే మనిషికి ఇంట్లో ఉన్న కారు జబ్బు దొరక్కపోవడమేమిటి? ఒకసారి అడిగేశాను.

"మామయ్యా, నిజం చెప్పు, నీకు తెలీడం లేదా?"

"గాలి కంటికి కనబడదే" అని పాల గ్లాసు అందుకున్నాడు.

ఇలా ఉండగా నాయనమ్మకు చెవులు మందగించాయి. మొదట మాకెవరికీ తెలియలేదు, ఎందుకంటే తనను ఎవరైనా ముసలావిడ అంటే రెండు గదుల అవతలనుంచి కూడా వినబడేది. కాలింగ్ బెల్లు వినబడటం లేదని తెలిశాక పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించాం. మా డాక్టరు ఆ కాగితం చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"కంగారేం లేదమ్మా, వయసు. మాటలు ఇంకా చాన్నాళ్ళు వినబడతాయి. సన్నటి చప్పుళ్ళు మాత్రం ముందుగా పోతాయి. పిట్టల కూతలు, ఈలలు, అలాంటివి. ఇప్పటికే కొన్ని పోయాయి. మిగిలినవి కూడా ఎక్కువకాలం ఉండవు."

పక్కకు పిలిచి చెప్పాడే గానీ, అది కూడా నాయనమ్మ విననే వింది. ఇంటికొచ్చే దారిలో రిక్షాలో నా చెయ్యి పట్టుకుంది.

"ఒసేయ్, అది పూర్తిగా పోకముందు ఆ కారు ఈల ఒక్కసారి వినాలే."

నాకూ అదే కావాలని, ఇన్నేళ్ళుగా అదే కావాలని అప్పుడు తెలిసింది. "మామయ్యతో చెబుదాం" అన్నాను.

"చంపేస్తాను. ఆయన ముందు దాని ఊసెత్తితే ఆ పూట భోజనం మానేస్తాడు. పెళ్ళాం గుర్తొచ్చిందని ఏడవడానికి కూడా మొహమాటపడే మనిషి. కారు లాగట్లేదు, బాగుచెయ్యండి అని నేను అంటూనే ఉన్నాగా. ఆయనకు చేతకావట్లేదు, ఏం చేస్తాం!"

"మరి ఎలా?"

"కొత్త గ్యారేజీ ఒకటుందిగా" అంది నాయనమ్మ, రిక్షా వెనక ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి.

మామయ్య విడిభాగాలకని బజారుకెళ్ళిన రోజు చూసుకుని కారు తీశాను. నాయనమ్మ వెనక సీట్లో ఠీవిగా కూర్చుంది. సొంత అల్లుడి వెనక ఇంత కుట్ర చేస్తున్నందుకు ఆవిడకు భయమేమో అనుకున్నాను. అద్దంలో చూస్తే మహా హుషారుగా ఉంది.

కొత్త గ్యారేజీ నడిపేది ఒక ఆవిడ. వీధిలో అందరూ 'గ్యారేజీ అక్క' అంటారు. చీర కొంగు బిగించి, టార్చి నోట్లో పట్టుకుని, ఒక్క మాట కూడా వృథా చెయ్యకుండా పనిలో దిగింది. బెల్టును బొటనవేలితో నొక్కి చూసింది. ఫిల్టరు తీసి వెలుతురుకు పట్టి చూసింది. గాలి లోపలికెళ్ళే మూతికి బిరడా పెట్టి, పంపుతో గాలి నింపి, మీటరు చూస్తూ కూర్చుంది. మీటరు కదల్లేదు. ఇంకాసేపు కూర్చుంది.

"ఎక్కడా గాలి పోవట్లేదమ్మా" అంది.

ఆ మాట నా జీవితంలో మొదటిసారి వినడం. ఒక్క క్షణం నా కాళ్ళకింద నేల సరిగా ఉందో లేదో చూసుకున్నాను.

"సరిగ్గా చూశారా?"

"ఇంత గట్టిగా ఉన్న కారు నేనీమధ్య చూళ్ళేదు. గొట్టాలు, బిగింపులు అన్నీ కొత్తవే. ఎవరో ప్రాణంపెట్టి చూసుకుంటున్నారు. గాలి ఇక్కడే ఉంది. ఇంజిన్లోకి పోవట్లేదు, అంతే." టార్చి లోపలికి దూర్చింది. "పెడల్ మెల్లిగా తొక్కినప్పుడు అంత గాలి అక్కర్లేదు కదా, అప్పుడది వెనక్కి తిరిగిపోవడానికి ఇక్కడో పక్కదారి ఉంటుంది. దానికో రెక్క తలుపు. గట్టిగా తొక్కగానే మూసుకోవాలి. ఇది మూసుకోవట్లేదు. గాలి తిరిగి తిరిగి మొదటికే వస్తోంది."

"పాడైపోయిందా?"

గ్యారేజీ అక్క టార్చి ఆర్పింది. "పాడవలేదు. తెరిచి కట్టేశారు. తీగతో. తీగ కూడా కొత్తదే, తుప్పు పట్టకుండా మారుస్తూ ఉన్నట్టున్నారు. కావాలని చేసిన పనండీ. చేసినవాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళు" అంది.

నాయనమ్మ ఎప్పుడు దిగిందో, మా మధ్యకొచ్చి నిలబడింది. కళ్ళజోడు సర్దుకుని, వంగి, చెయ్యి లోపలికి పెట్టి ఆ కట్టు కొసను వేలితో తడిమింది. కొస లోపలికి మడిచి ఉంది.

"గుచ్చుకోలేదు" అంది నాయనమ్మ.

ఆదివారాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇంజినంతా సబ్బునీళ్ళతో తడిపిన మనిషి ఆ మూల ఒక్కసారి కూడా కొట్టలేదు.

"కత్తిరించెయ్యనా పెద్దమ్మా? ఒక్క క్షణం పని" అంది గ్యారేజీ అక్క.

"వద్దమ్మా. కట్టినాయనే విప్పుతారు" అని నాయనమ్మ వెళ్ళి కార్లో కూర్చుంది. దారిపొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఎత్తు మీద పాలవాడు మమ్మల్ని మళ్ళీ దాటిపోయాడు.

మేం వచ్చేసరికి మామయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కారుకు వేరే గ్రీజు వాసన పట్టినట్టుంది, ముక్కు ఎగబీల్చాడు.

"ఎక్కడికెళ్ళారు అత్తయ్యగారూ?"

"గ్యారేజీకి అల్లుడుగారూ."

మామయ్య చెయ్యి దానంతటది జేబులోకి పోయి సీసాను పట్టుకుంది. "ఏమన్నారు?"

"ఎక్కడా గాలి పోవట్లేదన్నారు."

మామయ్య షెడ్డు ముందున్న పాత టైరు మీద కూలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక సీసా తీసి, కూర్చున్న టైరుకే సబ్బునీళ్ళు కొట్టాడు. అది ఏనాడో గాలి తీసేసిన టైరు.

"ఎందుకు కట్టారు?" అంది నాయనమ్మ. గారు లేదు. నేనెప్పుడూ వినలేదు.

మామయ్య టైరు వంకే చూస్తూ చెప్పాడు. "తను పోయాక మొదటిసారి కారు బయటికి తీసిన రోజండీ. ఊరికే ఉంటే ఇంజిన్ పట్టేస్తుందని అలా తిప్పుకొస్తున్నాను. మలుపు తిరిగి ఎత్తు ఎక్కుతుంటే ఈల వేసింది. వచ్చేసరికి గేటు తీసి ఉంది. మీరు నిలబడి ఉన్నారు. లోపల టీ నీళ్ళు మరుగుతున్న చప్పుడు. నేను దిగాను. మీరు నా మొహం చూసి, ఒక్క మాటన్నా అనకుండా గేటేసి, లోపలికెళ్ళి పొయ్యి ఆపేశారు. ఆ పొయ్యి ఆపిన చప్పుడు నేను తట్టుకోలేకపోయానండీ. కారొచ్చినప్పుడల్లా మీకా కష్టం ఎందుకని…"

"ఈల కట్టేశారు."

"కట్టేశాను."

"నేను చేతకానివాడన్నాను. వీధంతా అంది. గిరాకీ పోయింది. ఒక్కసారైనా చెప్పొచ్చుగా?"

"చెబితే విప్పెయ్యమంటారు. మీరు బాధపడుతూ, నాకోసం విప్పెయ్యమంటారు. మీ సంగతి నాకు తెలీదా?"

నాయనమ్మ అరుగు మీద చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తెలియలేదు.

"అల్లుడుగారూ, మీరు టీ తాగుతారా?"

"తాగనండీ."

"మరి తాగని మనిషికి టీ దేనికి? అందుకని పొయ్యి ఆపాను. మీకు పాలు పెట్టాలని చూస్తే పాలు లేవు. అదీ నా బాధ ఆరోజు."

మామయ్య నోరు తెరిచాడు. నేనూ తెరిచాను. ఇన్నేళ్ళ మౌనం, ఇన్ని ఆదివారాలు, ఇన్ని సీసాల సబ్బునీళ్ళు ఆ ఇంట్లో ఆరోజు పాలు లేకపోయినందుకు!

"అది వస్తోందనుకుని గేటు తీశాననుకున్నారా? కన్నకూతురు పోయిందని నాకు తెలీదూ?" నాయనమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఆ ఈల వినబడితే నా కాళ్ళు లేస్తాయి. అంతే. పొయ్యి దగ్గరికీ గేటు దగ్గరికీ అవే నడుస్తాయి. అలా నడిచిన కాసేపూ నాకు బాగుంటుంది. ఈల ఆగిపోయాక నన్ను కుర్చీలోంచి లేపేది ఏదీ లేదండీ ఈ ఇంట్లో. అందుకే బాగుచెయ్యమని మీ ప్రాణం తీశాను. ఎందుకో చెబితే మీరు అన్నం మానేస్తారని చెప్పలేదు." కాస్త ఆగి, "ఇంక నా చెవులు కూడా ఆగేట్టు లేవు. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయట" అంది.

మామయ్య లేచాడు. పట్టకారు తీసుకుని బానెట్ ఎత్తాడు. రెప్పపాటులో విప్పే కట్టుకు ఆయనకు చాలాసేపు పట్టింది. మొహం నేను చూడకూడదని కాబోలు, నాకు వీపు అడ్డం పెట్టాడు. చివరికి ఆ తీగ ముక్కను చొక్కా జేబులో వేసుకుని, రెక్క తలుపును వేలితో తట్టి, అది టప్పున మూసుకోవడం చూసి, తాళం చెవులు నాకిచ్చాడు.

"నువ్వు తీసుకురావే. నేను ఇక్కడ ఉంటాను."

నేను కారును కిందికి పోనిచ్చి, మార్కెట్టు దాకా వెళ్ళి తిప్పాను. మలుపు దగ్గర ఆగి, ఎత్తు వంక చూశాను. ఒకవేళ నాయనమ్మకు వినబడకపోతే? ఆ చప్పుడు ఆవిడ చెవుల్లోంచి ఇప్పటికే పోయి ఉంటే? కాసేపు పెడల్ మీద కాలు పెట్టలేకపోయాను. తరవాత, అయ్యేది అవుతుందని గట్టిగా తొక్కాను.

ముల్లు లేచింది. సీటు వెనకనుంచి ఎవరో తోసినట్టయింది. ఈల సన్నగా మొదలై, పైకి, ఇంకా పైకి పోయింది. ఏడుపొస్తుందనుకున్నాను గానీ నవ్వొచ్చింది. ఎందుకంటే ముందు పాలవాడు వెళుతున్నాడు, నేను రయ్యిమని దాటేసరికి సైకిలు దిగి నిలబడి, టోపీ తీసి చూశాడు. అత్త రోజూ ఇలా వచ్చేదా! ఇలా వచ్చి, దిగుతూనే టీ అడిగేదా! పక్క సీటు ఖాళీగా ఉంది, అందులో ఆవిడ ఉంటే ఎంత బాగుండునని పైకే అన్నాను.

మా ఇల్లు కనబడాలంటే ఎత్తు పైదాకా రావాలి. పైకొచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. గొళ్ళెం మీద నాయనమ్మ చెయ్యి, కుర్చీ మీద ఎవరూ లేరు. ఆవిడ వెనకాల మామయ్య, సబ్బునీళ్ళ సీసాను రెండు చేతులా గుండెలకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా ముందంతా నురగ.

నేను దిగి, "వినబడిందా నాయనమ్మా?" అన్నాను.

నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. "ఏదీ, సరిగ్గా వినబడందే! ఇంకా ఎక్కడో గాలి పోతున్నట్టుంది. అల్లుడుగారూ, దానికి నడపడం రాదు. మీరొకసారి తిప్పుకురండి."

మామయ్య గేటు వంక చూశాడు, నా వంక చూశాడు, వెళ్ళి కార్లో కూర్చున్నాడు. కారు మలుపు తిరిగింది. నేను గేటు వెయ్యబోతే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వెయ్యకే, ఇప్పుడే వచ్చేస్తాడు" అని వంటింట్లోకి నడిచింది. టీ గిన్నె అప్పటికే పొయ్యిమీద మరుగుతోంది. రెండో పొయ్యి వెలిగించి పాలు పెట్టింది.